ఒక్క గీత తీసేస్తే లోగో అయిపోతుందా?

నిద్రలేని_ఇలస్ట్రేటర్
కడుపు మండి రాస్తున్నాను. ఒక మిఠాయి కొట్టు వాళ్లకి లోగో చేశాను. పేరు చెప్పను గానీ అందులో ముఖ్యమైనవి రెండే అక్షరాలు, ర, స. మూడు వారాలు తంటాలు పడి రెండిటికీ కలిపి ఒకే తలకట్టు పెట్టాను. ర మీద తలకట్టు తీసేసి, స తలకట్టు ఎడమ కొసని కొంచెం ర వైపు సాగదీశాను. నాకైతే భలే నచ్చింది. ఓనర్ గారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఉన్న గీత తీసేశారు, దానికి పదిహేను వేలా?" అన్నారు.

నేను ఆవేశపడి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లోగో ఫోన్‌లో చూపించాను. అలన్ ఫ్లెచర్ అనే డిజైనర్ కూడా ఎ అక్షరంలో సగం తీసేశాడు, ప్రపంచమంతా మెచ్చుకుంది అన్నాను. "ఆయన తీస్తే చెల్లుతుంది, మీరు తీస్తే అచ్చుతప్పు అంటారు" అనేశారు.

ఫ్లెచర్ అడ్వర్టైజింగ్ పని కూడా చేసేవాడట గానీ, ఆయన గురించి నాకు తెలిసింది ఆ లోగో వరకే. జీవితమంతా ఇలాంటి పనులే చేసి క్లయింట్లని ఎలా ఒప్పించాడో తెలిసినవాళ్లు చెప్పండి. నాకు సోమవారం మళ్లీ మీటింగ్ ఉంది.

ఫ్లెక్సీ_బాబాయ్
పదిహేను వేలకి నేను ముప్పై ఫ్లెక్సీలు కొట్టిస్తాను. తలకట్లు అన్నీ ఉంటాయి.

కెర్నింగ్_కష్టాలు
బాబాయ్ మొదలెట్టేశాడు.

ఇలస్ట్రేటర్ గారూ, ఆ లోగో 1989 నాటిది. అక్షరాలు బొడోని అనే ఫాంట్‌లో ఉన్నాయి. పేరు ఇటలీ ముద్రాపకుడిది. లావు గీతలు బాగా లావుగా, సన్న గీతలు వెంట్రుకలా ఉంటాయి. అందులో వి ఉంది, & గుర్తు ఉంది, ఎ ఉంది. ఎ కి ఎడమ కాలూ లేదు, మధ్య అడ్డగీతా లేదు. పక్కనున్న & గుర్తు తన ఒంటితో ఆ కాలుని, తన కొసతో ఆ అడ్డగీతని పూరిస్తుంది. అంటే పోయింది పోయినట్టే లేదు, పక్కవాడు అప్పిచ్చాడు. ముప్పై ఏళ్లు దాటినా మ్యూజియం వాళ్లు ఇంకా అదే వాడుతున్నారు.

అరసున్న
పక్కవాడు అప్పిచ్చాడు అనడం బావుంది. మా వీధిలో ఇవ్వరు.

క్రాయిడన్_కోడలు
పదకొండేళ్లుగా లండన్‌లోనే ఉంటున్నాను. పిల్లలని సౌత్ కెన్సింగ్టన్‌లోని ఆ మ్యూజియంకి తీసుకెళ్లినప్పుడల్లా ఆ గుర్తు కింద ఫొటో దిగుతాం. ఎ కి కాలు లేదని ఈ రోజు మీరు చెప్పేదాకా నాకు తెలీదు! మా పెద్దవాడిని అడిగితే "అమ్మా, ఉంది కదా" అన్నాడు. మళ్లీ చూసి తెల్లబోయాడు.

కెర్నింగ్_కష్టాలు
కోడలు గారి అబ్బాయికి కనిపించిన కాలు ఆ కాగితం మీద లేదు. ఫ్లెచర్ పనితనం అదే.

ఆర్ట్_కాలేజీ_క్యాంటీన్
ఈయన మీద మాకు సెమినార్ పెట్టారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

పుట్టింది 1931లో నైరోబీలో. తండ్రి అక్కడ ప్రభుత్వోద్యోగి. ఆయనకి జబ్బు ముదరడంతో ఐదేళ్ల పిల్లాడిగా లండన్ వచ్చేశాడు. షెపర్డ్స్ బుష్‌లో తల్లి దగ్గర, అమ్మమ్మా తాతల ఇంట్లో పెరిగాడు. హామర్‌స్మిత్‌లో ఆర్ట్ స్కూలు, ఆ తర్వాత సెంట్రల్ స్కూలు. మధ్యలో ఒక ఏడాది బార్సిలోనా వెళ్లి ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. తిరిగొచ్చి 1953 నుంచి 56 దాకా రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్. అప్పటి ఇంగ్లండ్ ఎలా ఉండేదంటే, యుద్ధం అయిపోయి తొమ్మిదేళ్లైనా రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లోనే. తిండికే కూపన్లున్న చోట పోస్టర్లలో రంగులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఈ పనికి అక్కడ సరైన పేరు కూడా లేదు. కమర్షియల్ ఆర్ట్ అనేవాళ్లు, ఆర్టిస్టులలో కొంచెం తక్కువ కులం అన్నట్టు.

స్కాలర్‌షిప్ మీద అమెరికాలో యేల్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ పాఠాలు చెప్పింది పాల్ రాండ్, జోసెఫ్ ఆల్బర్స్. ఐబీఎం లోగో తెలుసుగా, ఆ రాండ్. న్యూయార్క్‌లో ఫార్చ్యూన్ పత్రికకి ముఖచిత్రం వేసే పని దొరికింది, 1958లో. 1959కల్లా లండన్ తిరిగొచ్చేశాడు. అంతా అమెరికా వెళ్లాలని కలలు కంటున్న రోజుల్లో ఈయన వెనక్కి రావడం నాకు వింతగా అనిపించింది.

ఫ్లెక్సీ_బాబాయ్
వీసా రెన్యువల్ కాలేదేమో.

ఆర్ట్_కాలేజీ_క్యాంటీన్
బాబాయ్ 😀 ఇంకా ఉంది, ఆగు.

1962లో కాలిన్ ఫోర్బ్స్, అమెరికన్ అయిన బాబ్ గిల్‌తో కలిసి ఫ్లెచర్/ఫోర్బ్స్/గిల్ అని దుకాణం తెరిచాడు. గిల్ 1965లో వెళ్లిపోతే థియో క్రాస్బీ అనే ఆర్కిటెక్ట్ చేరాడు. 1972లో కెనెత్ గ్రాంజ్, మెర్విన్ కుర్లాన్‌స్కీ కూడా కలిస్తే ఐదుగురయ్యారు. అయిదు కోణాల నక్షత్రం పేరు పెట్టుకున్నారు, పెంటాగ్రామ్. ఇప్పటికీ ఉంది ఆ సంస్థ.

పత్తి_వ్యాపారి_కొడుకు
ఇందులో అడ్వర్టైజింగ్ ఎక్కడుంది? ఇదంతా లోగోల సంగతి. నేను ఏజెన్సీలో ఎనిమిదేళ్లు చేశాను. ప్రకటన అంటే సరుకు అమ్మాలి. మ్యూజియంకి లోగో చేస్తే ఏం అమ్ముడవుతుంది? ఇలాంటివాళ్లని కాలేజీల్లో దేవుళ్లని చేస్తారు, మార్కెట్‌లోకి వచ్చాక పిల్లలు బోర్లా పడతారు.

కెర్నింగ్_కష్టాలు
పిరెల్లి చెప్పుల బస్సు ప్రకటన చూశారా కొడుకు గారూ? 1962.

టైర్ల కంపెనీ పిరెల్లీయే ఇంట్లో వేసుకునే చెప్పులు కూడా చేసేది. డబుల్ డెక్కర్ బస్సు పక్కన, పై అంతస్తు కిటికీల కింద ప్రకటనకి పొడుగాటి పట్టీ ఉంటుంది కదా. అందరూ ఆ పట్టీని చిన్న సైజు పోస్టర్ అనుకుని సరుకు బొమ్మ, పేరు అచ్చేసేవాళ్లు. ఫ్లెచర్ వాళ్లు అక్కడ వరసగా కూర్చున్న మనుషుల బొమ్మలు వేశారు, మెడ కింద నుంచి పాదాల దాకా. కాళ్లకి పిరెల్లి చెప్పులు. తలలు వెయ్యలేదు. పైన కిటికీలో కూర్చున్న అసలు ప్రయాణికుల తలలే ఆ బొమ్మలకి తలలు! టోపీ ఆయన తల కింద ఎవరిదో ఒళ్లు, కాళ్లకి మెత్తటి చెప్పులు.

సరుకు బొమ్మా ఉంది, పేరూ ఉంది, వీధిలో వెళ్లేవాడు ఆగి నవ్వుతాడు. ఇంతకంటే ఏం కావాలి?

క్రాయిడన్_కోడలు
బస్సు ఖాళీగా వస్తే? రాత్రి పదకొండింటి బస్సులో పైన ఎవరూ ఉండరు. తలల్లేని మనుషులు చెప్పులేసుకుని మీదికొస్తే జడుసుకోరూ?

అరసున్న
మొండేల బస్సు. పిల్లలు అన్నం తినకపోతే చూపించొచ్చు.

పత్తి_వ్యాపారి_కొడుకు
సరే, బస్సు బావుంది. ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి గమనించండి, ఆ ఐడియా టైపోగ్రఫీది కాదు, స్థలానిది. ప్రకటన ఎక్కడ అతికిస్తారో ముందు తెలుసుకుని, ఆ చోటు నుంచే ఆలోచన పుట్టించాడు. మా దగ్గర ఇప్పటికీ ఒకే డిజైన్ చేసి పేపర్‌కి, హోర్డింగ్‌కి, ఆటో వెనక్కి సాగదీసి పంపుతారు.

బెజవాడ_బ్రోమైడ్
చాలా రోజులకి మంచి చర్చ. నేను పత్రికాఫీసులో రిటైరయినవాణ్ణి. ఫ్లెచర్ పేరు అప్పట్లో నాకు తెలియదు గానీ ఆయన పని రోజూ కళ్ల ముందు తిరిగేది. రాయిటర్స్ పాత లోగో ఆయనదే, 1965. ఇప్పటి పిల్లలు ఆ చుక్కలు చూసి ఏదో డిజిటల్ స్టైల్ అనుకుంటారు. అది కాదు. వార్తలు టెలిప్రింటర్‌లో వచ్చే రోజుల్లో సన్నటి కాగితం టేపుకి చిల్లులు పడేవి, ఆ చిల్లులే అక్షరాలు. ఫ్లెచర్ రాయిటర్స్ అనే పేరుని అలాంటి చుక్కలతో రాశాడు. ఆ గదిలో పనిచేసినవాడికి ఎవరూ వివరించక్కర్లేదు. ఆ టేపు చుట్టలు చుట్టలుగా కాళ్లకి తగులుతుంటే అర్ధరాత్రి టీ తాగినవాళ్లం.

లోగో అంటే అందంగా ఉండటమే కాదు, ఆ పని చేసేవాడు చూసి ఇది మాది అనుకోవాలి. మిఠాయి కొట్టాయన అలా అనుకోలేదంటే ఏదో లోపం ఉండి ఉంటుంది నాయనా. కోప్పడకు.

ఆర్ట్_కాలేజీ_క్యాంటీన్
ఆ లోగోలో మొత్తం 84 చుక్కలు. మా సెమినార్ స్లయిడ్‌లో ఉంది, అనుమానమొచ్చి లెక్కపెట్టాను కూడా. పరీక్షకి చదవలేదు గానీ ఇది చేశాను.

నిద్రలేని_ఇలస్ట్రేటర్
బ్రోమైడ్ గారూ, కోపం లేదండీ. కానీ లోపం ఏమిటో ఆయన చెప్పలేదు. "ఏదో బాలేదు" అంతే. మా వాళ్లు ఎవరడిగినా అంతే. ఏదో బాలేదు, కొంచెం పాప్ అవ్వాలి.

తలకట్టు_తాతయ్య
నా పేరే తలకట్టు కాబట్టి నేను రాకపోతే బావుండదు. నలభై ఏళ్లు గోడల మీద, షట్టర్ల మీద అక్షరాలు రాశాను. బాబూ, నువ్వు చేసిన తప్పు నీకు చెబుతాను. ర మీద తలకట్టు తీసేస్తే ఏం మిగిలింది?

నిద్రలేని_ఇలస్ట్రేటర్
గుండ్రం...

అరసున్న
సున్నా!!! నా పూర్ణరూపం!

ఫ్లెక్సీ_బాబాయ్
మిఠాయి కొట్టు బోర్డు మీద సున్నా పెట్టి పదిహేను వేలు అడిగావా తమ్ముడూ. ఆయన చాలా మంచివాడు.

తలకట్టు_తాతయ్య
అదే. తెలుగులో తలకట్టు అలంకారం కాదు, అది అచ్చు. క, గ, ర, స వీటి మీద ఆ టిక్కు ఉంటేనే అ పలుకుతుంది. అది తీసేస్తే కళ్లు గుడి కోసమో ఏత్వం కోసమో ఎదురుచూస్తాయి. ర సంగతి మరీ ఘోరం, ఏకంగా వేరే అక్షరం అయిపోతుంది. ఎడమ కొస సాగదీశావన్నావు. తలకట్టుకి ఎడమ వైపు పొట్టి గీత, కుడివైపు పొడుగు గీత. బ్రష్ కుడికే లాగుతుంది. నువ్వు పొట్టి గీతని వెనక్కి సాగదీశావు, చెయ్యి తిరిగే దారికి ఎదురు. ఓనరుకి ఈ మాటలు రావు గానీ కంటికి తెలిసిపోయింది.

కెర్నింగ్_కష్టాలు
తాతయ్య గారికి దండం. ఇప్పుడు మళ్లీ ఫ్లెచర్ లోగో చూడండి, ఇదే లెక్క కనిపిస్తుంది. అక్కడ మూడు ఆకారాలున్నాయి. వి లో ఒక గీత తీసేస్తే ఇంకేం మిగలదు, ఒట్టి వాలు గీత. & లో ఏ భాగం తీసినా పామైపోతుంది. ఎ కి కుడి కాలు ఒక్కటి, లావుగా నిలబడి ఉంటే చాలు, పక్కనున్న & ఎత్తూ వంపూ సరిపోతే మిగతాది కన్ను కట్టుకుంటుంది. ఇంకోటి, బొడోనిలో ఎ ఎడమ కాలు సన్న గీత, కుడి కాలు లావు గీత. ఆయన తీసింది సన్న దాన్ని. అసలు బలమంతా కుడివైపే ఉంది. ఇంత లెక్క ఉంటే మనం గీత తీశాడు అని ఒక్క ముక్కలో తేల్చేశాం.

పత్తి_వ్యాపారి_కొడుకు
ఈ మాట మీటింగ్‌లో చెప్పాల్సింది. పదిహేను వేలు ఏ గీత తియ్యాలో తెలిసినందుకు అని.

ఫ్లెక్సీ_బాబాయ్
తమ్ముడికి అది తెలీలేదు కదా మరి 😀

నిద్రలేని_ఇలస్ట్రేటర్
బాబాయ్, నీ ఫ్లెక్సీ చిరిగిపోవాలి.

వీకెండ్_కూలీ
ఫ్లెచర్ గురించి ఒకటి చదివాను. శనివారం, ఆదివారం ఏం చేస్తానో సోమవారం, బుధవారం కూడా అదే చేస్తాను, పని వేరు సరదా వేరు అని విడగొట్టను అని చెప్పేవాడట. మా బాస్ కూడా సరిగ్గా ఇదే అంటాడు. తేడా ఏంటంటే, ఆదివారం పని చేసేది నేను, సరదా ఆయనది.

కెర్నింగ్_కష్టాలు
వీకెండ్ గారూ, ఫ్లెచర్‌కి ఆ మాట చెల్లింది, ఎందుకంటే బాసూ ఆయనే కూలీ ఆయనే. పెంటాగ్రామ్‌లో పద్ధతి కూడా వేరు. ప్రతి పార్ట్‌నర్ తన జట్టుని తనే నడుపుకుంటాడు, పని ఎవరు చేస్తారో క్లయింట్‌తో మాట్లాడేదీ వాళ్లే. మధ్యలో అకౌంట్ మేనేజర్ ఉండడు. ఎక్కువ తెచ్చినవాడికీ తక్కువ తెచ్చినవాడికీ వాటా సమానం. ఇలస్ట్రేటర్ గారు మొదట అడిగింది ఇదే కదా, క్లయింట్లని ఎలా ఒప్పించాడు అని. గీసినవాడే ఎదురుగా కూర్చుంటే సగం పని అయిపోతుంది.

పత్తి_వ్యాపారి_కొడుకు
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఇలస్ట్రేటర్ గారు కూడా ఎదురుగానే కూర్చున్నారు, ఏమైంది? ఫ్లెచర్‌కి పిరెల్లి, ఒలివెట్టి, పెంగ్విన్, రాయిటర్స్, తర్వాత లాయిడ్స్ లాంటి క్లయింట్లు. చదువుకున్న యాజమాన్యాలు, బడ్జెట్లు. డిజైనర్‌కి విలువ ఇచ్చే చోట గొప్ప డిజైనర్ పుడతాడు, అంతే.

ఆర్ట్_కాలేజీ_క్యాంటీన్
ఆ విలువ వాళ్లే కట్టుకున్నారండీ. 1962లోనే లండన్‌లో డిజైనర్లు, ఆర్ట్ డైరెక్టర్లు కలిసి డి అండ్ ఏడీ అని సంఘం పెట్టుకున్నారు, ఫ్లెచర్ స్థాపకుల్లో ఒకడు. 1973లో దానికి అధ్యక్షుడు కూడా. ఏటా మంచి పనులు ఎంచి పుస్తకం వేసేవాళ్లు, బహుమతిగా పెన్సిల్ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు మన ముంబై ఏజెన్సీలు కొట్టుకునేది ఆ పెన్సిల్ కోసమే.

బెజవాడ_బ్రోమైడ్
మనకి బాపు గారు లేరూ? మద్రాసులో ఆయనా అడ్వర్టైజింగ్ పని చేసినవారే. ఆయన చేతిరాత చూసి పెళ్లి శుభలేఖలు రాయించుకున్న తరం మాది, తర్వాత అది ఫాంటే అయిపోయింది. ఫ్లెచర్‌కి కూడా చేతిరాత పిచ్చి ఉందని విన్నాను.

కెర్నింగ్_కష్టాలు
ఉంది. చింపిన కాగితం ముక్కలతో అక్షరాలు చేసేవాడు, గీకినట్టుండే చేతిరాతని పోస్టర్ల మీద అలాగే వాడేవాడు. నాటింగ్ హిల్‌లో ఇంటికి ఇనుప గేటు చేయించుకున్నాడు. మామూలుగా ఊచలుంటాయి కదా, ఈయన గేటుకి ఊచల బదులు ఎ నుంచి జెడ్ దాకా సన్నగా సాగిన అక్షరాలు. పెంటాగ్రామ్ వదిలేశాక తొంభైల్లో ఆ ఇంట్లోంచే పని చేశాడు. ఫైడన్ ప్రచురణల వాళ్లకి ఆర్ట్ డైరెక్టర్‌గా కూడా అప్పుడే. 2001లో వెయ్యి పేజీలు దాటిన పుస్తకం ఒకటి తెచ్చాడు, ఎక్కడ తెరిచినా ఏదో ఒకటి దొరుకుతుంది. 2006లో క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఏడాదే లండన్ డిజైన్ మ్యూజియంలో ఆయన యాభై ఏళ్ల పని మీద ప్రదర్శన పెట్టారు. తెరిచేనాటికి ఆయన లేడు.

తలకట్టు_తాతయ్య
గేటుకి అక్షరాలు. మంచి ఆలోచన. మన అక్షరాలతో అయితే గొళ్లెం అక్కర్లేదు, ఐ ఔ లకే చెయ్యి ఇరుక్కుంటుంది.

క్రాయిడన్_కోడలు
తాతయ్య గారూ 😂 పిల్లలతో వెళ్లి ఆ గేటు చూసొస్తాను.

తెలుగు సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, బ్రిటిష్ డిజైనర్లు ఎవరైనా మన లిపి మీద పనిచేశారా?

కెర్నింగ్_కష్టాలు
ఫియోనా రాస్. భారతీయ లిపుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆవిడ, 1978లో అచ్చు యంత్రాలు, అక్షరాలు చేసే లైనోటైప్ కంపెనీలో చేరారు. జాన్ హడ్సన్‌తో కలిసి చేసిన టైరో తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉంది. మొదట మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే ప్రాచీన భారతీయ సాహిత్య పుస్తకాల వరస కోసం చేసింది అది. 2015లో వాళ్ల తొలి విడతలోనే పెద్దన కావ్యం వచ్చింది. ఒకసారి దింపుకుని వత్తుల కింద ఎంత చోటు వదిలారో చూడండి. ప్రకటనల మనిషి కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతా, కావాలంటే వేరే థ్రెడ్ పెట్టుకుందాం.

తలకట్టు_తాతయ్య
ఇలస్ట్రేటర్ బాబూ, సోమవారానికి ఇలా చెయ్యి. తలకట్టుని ర మీదే ఉంచు. దాని కుడి గీతని ధైర్యంగా లాగి స నెత్తి మీదుగా పోనీ. స కి విడిగా వెయ్యకు. స అడుగున ఆ మెలిక ఉంది కదా, తలకట్టు లేకపోయినా సున్నా అవ్వదు, పైగా నెత్తిన గీత నీడ ఉంటుంది. తర్వాత దాన్ని గోరంత సైజు చేసి మిఠాయి పెట్టె మూత మీద అచ్చేసి, డిజైన్ తెలియని మనిషికి ఇచ్చి చదవమను. ఏమీ చెప్పకు. ఒక్క క్షణం ఆగినా మళ్లీ గియ్యి.

నిద్రలేని_ఇలస్ట్రేటర్
గీస్తున్నా. రాత్రి రెండయింది. ఆ కుడి గీత వాలు ఎంత ఉండాలో తేలట్లేదు, పదహారు రకాలు అయ్యాయి.

వీకెండ్_కూలీ
ఇవాళ ఆదివారం కదా. ఫ్లెచర్ అయిపోయావు అన్నా.

నిద్రలేని_ఇలస్ట్రేటర్
మీటింగ్ అయింది. తాతయ్య గారు చెప్పినట్టే పెట్టె తీసుకెళ్లాను. ఈసారి ఫ్లెచర్ పేరు ఎత్తలేదు, లండన్ ఎత్తలేదు. పెట్టె బల్ల మీద పెట్టి నోరు మూసుకున్నాను. ఓనర్ గారి అమ్మగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నారు, ఎనభై దాకా ఉంటాయి. కళ్లజోడు కూడా పెట్టుకోకుండా చూసి "రస" అన్నారు. తలకట్టు ఒకటే ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఓనర్ గారు మాత్రం పాత డిజైన్, కొత్తది పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "మళ్లీ పెట్టారుగా గీత, ఇది బావుంది" అన్నారు.

మళ్లీ పెట్టలేదు, చోటు మార్చానంతే అని చెప్పబోయి ఆగాను.

ఫ్లెక్సీ_బాబాయ్
డబ్బు?

నిద్రలేని_ఇలస్ట్రేటర్
పన్నెండున్నర వేలు, రెండు కేజీల కాజాలు.

అరసున్న
కాజాలు ఎక్కడికి పంపుతున్నారో చెప్పండి, అడ్రస్ ఇన్‌బాక్స్ చేస్తా.

తలకట్టు_తాతయ్య
నాకు షుగరు. ఆ పెట్టె మూత ఒకటి పంపు చాలు.